చెంబు మీద తెల్ల మరక, గోడ మీద చుక్కలు: ప్రింటు అమ్మేముందు ఏం సరిచేయాలి?

ప్రశ్న: కిటికీ పక్కన టేకు బల్ల మీద మంగళగిరి పంచె పరిచి, ఇత్తడి చెంబు, మూడు బంగినపల్లి పళ్లు పెట్టి ఫొటో తీశాను. వెనక ముదురు బూడిదరంగు గోడ. 24 మెగాపిక్సెల్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు, ట్రైపాడ్, ఎఫ్/11, రా ఫైలు. తెలిసిన డెంటిస్టుగారు తన క్లినిక్‌లో పెట్టుకోవడానికి 20×30 అంగుళాల ప్రింటు కొంటానన్నారు. ముందు మా ఊరి కలర్ ల్యాబులో 12×18 వేయించి చూశాను. తెర మీద ఉన్నదానికన్నా బాగా నల్లగా వచ్చింది. గోడ మీద చుక్కలు, చెంబు మీద తెల్ల మరక, మామిడిపళ్లు నారింజరంగు ముద్దల్లా ఉన్నాయి. లైట్‌రూమ్, ఫొటోషాప్ రెండూ వాడతాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతవరకు శుభ్రం చేయవచ్చు? ఏ కాగితం తీసుకోవాలి? డబ్బు తీసుకుని ఇస్తున్నాను కాబట్టి భయంగా ఉంది.
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ప్రింటు నల్లబడటం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది తేలకుండా మిగతావి ఎన్ని సరిచేసినా వృథా. మీ ఫైలులో గానీ ల్యాబులో గానీ తప్పు ఉండకపోవచ్చు. ప్రింటు కోసం ఎడిట్ చేసేటప్పుడు తెర వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండాలి. చాలా ల్యాప్‌టాప్‌లు నిండు వెలుగులో 250కి పైనే ఇస్తాయి. అంత వెలుగులో చూస్తే ఫొటో తేలిపోయినట్టు కనబడుతుంది, చెయ్యి ఆగక ముదురు చేసేస్తాం. కాగితానికి సొంత వెలుగు లేదు కదా, ఆ ముదురంతా దాని మీద బయటపడుతుంది. తెర వెలుగునీ రంగునీ కొలిచే కాలిబ్రేటర్ పరికరం ఎవరి దగ్గరైనా దొరికితే 100 క్యాండెలాలు, 6500 కెల్విన్, గామా 2.2 పెట్టి తెరను సరిచేసుకోండి. దొరక్కపోతే తెర మీద తెల్లటి ఖాళీ పేజీ తెరిచి, పక్కనే మామూలు తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకే తెలుపుగా అనిపించేదాకా వెలుగు తగ్గించండి. నైట్ లైట్ లాంటి రంగు మార్చే సెట్టింగులన్నీ ఆపేయండి. ఇలా తగ్గించిన తెర మీద మీ ఫొటోని మళ్లీ చూస్తే ల్యాబు ప్రింటుకి చాలా దగ్గరగా ఉంటుంది. అక్కణ్ణుంచి ఎక్స్‌పోజర్ ఎంత పెంచాలో మీకే తెలుస్తుంది.

ఇక సైజు. మీ ఫైలు 6000×4000 పిక్సెళ్లు. 20×30 నిండా వేస్తే అంగుళానికి 200 పిక్సెళ్లు పడతాయి. గోడకి తగిలించి నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి అది సరిపోతుంది. అయితే కాగితం నిండా వేయించకండి. 20×30 కాగితం మీద బొమ్మని 18×27గా వేయించండి. పొడవు వైపు చివరల్లో ఒకటిన్నర అంగుళం, పైనా కిందా ఒక్కో అంగుళం తెల్ల అంచు మిగులుతుంది, పిక్సెళ్లు కూడా అంగుళానికి 222కి పెరుగుతాయి. సంతకానికీ ఫ్రేము కట్టడానికీ ఆ అంచు కావాలి. 12×18, 16×24, 20×30 మీ కెమెరా నిష్పత్తికి సరిగ్గా సరిపోయే సైజులు. 16×20 గానీ 8×10 గానీ అడిగితే మాత్రం పక్కల నుంచి కోత పడుతుంది, అది మీరే కోసి ఇవ్వాలి తప్ప మెషీన్‌కి వదిలేయకూడదు.

కాగితం కూడా ఇప్పుడే తేల్చుకోండి, ఫైలుని దాన్ని బట్టే తయారుచేస్తాం. మీ బొమ్మలో సగానికి పైగా ముదురు గోడే. మ్యాట్ కాటన్ కాగితం చేతికి ఎంతో బావుంటుంది, ఆర్ట్ ప్రింటు అనగానే అందరూ దాన్నే చెబుతారు కూడా. కానీ దాని మీద నలుపు తేలిపోతుంది. నలుపు సాంద్రతను చెప్పే డీమ్యాక్స్ మ్యాట్ మీద సుమారు 1.6, 1.7 దగ్గర ఆగిపోతే, బరైటా (బేరియం పూత వేసిన, కాస్త మెరుపున్న ఫొటో కాగితం) మీద 2.2 దాటుతుంది. మీ గోడ, చెంబు నీడ, బల్ల కింది చీకటి నిలబడాలంటే బరైటా మంచిది. ఖర్చు ఎక్కువనుకుంటే లస్టర్, అంటే సగం మెరుపుండే ఫొటో కాగితం. పూర్తి గ్లాసీ మాత్రం వద్దు. క్లినిక్‌లో ట్యూబులైట్లు ఉంటాయి, ప్రింటు మెరుపూ ఫ్రేము అద్దం మెరుపూ కలిసి బొమ్మ కన్నా లైట్లే ఎక్కువ కనబడతాయి. పెళ్లి ఆల్బమ్‌లు వేసే ల్యాబు ఇచ్చే మామూలు ఫొటో కాగితం తక్కువ ధరకి అమ్మే ప్రింటుకి తప్పేమీ కాదు, ఏ కాగితమో కొనేవాళ్లకి చెబితే చాలు. డబ్బు బాగా తీసుకునేటప్పుడు పిగ్మెంట్ ఇంకుతో (త్వరగా వెలిసిపోని రంగుపొడి ఇంకు) వేసే చోటికే వెళ్లండి.

ఇప్పుడు ఫైలు. పాత ఎడిట్‌ని సరిచేస్తూ కూర్చోకుండా రా ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మొదట వైట్ బ్యాలెన్స్. తీసేటప్పుడు గదిలో ట్యూబులైటు కూడా వెలుగుతూ ఉంటే పంచె కిటికీ వైపు నీలంగా, లోపలి వైపు ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ఒక్క స్లైడరుతో రెండూ కుదరవు. కిటికీ వెలుగుకి సరిపెట్టి, లోపలి భాగం మీద మాస్క్ గీసి టింట్‌ని మెజెంటా వైపు కొద్దిగా జరపండి. షార్ప్‌నింగ్ లైట్‌రూమ్ మామూలుగా ఇచ్చే 40 దగ్గరే ఉంచండి, క్లారిటీ జోలికి వెళ్లకండి. అది ఇత్తడి చుట్టూ బూడిదరంగు అంచు తెస్తుంది. తర్వాత 16 బిట్ టిఫ్‌గా, ఎక్కువ రంగులు పట్టే ప్రోఫోటో లేదా అడోబ్ ఆర్‌జీబీలో ఫొటోషాప్‌లోకి తీసుకెళ్లండి. 8 బిట్‌లో పనిచేస్తే మీ బూడిద గోడ మీద వెలుగు తగ్గుతూ పోయే చోట చారలు పడతాయి.

గోడ మీద చుక్కలన్నీ ఒక రకం కావు, మందు కూడా ఒకటి కాదు. అంచులు మెత్తగా, గుండ్రంగా, చుట్టూ ఉన్నదానికన్నా ముదురుగా ఉన్నవి సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్/11 వాడారు కాబట్టి అంత స్పష్టంగా పడ్డాయి, ఎఫ్/2.8లో అయితే సగం కనబడేవే కావు. ఆ రోజు తీసిన ఫ్రేములన్నిట్లో అవి అదే చోట ఉంటాయి. అంచు పదునుగా, లేత రంగులో ఉన్నవి నిజమైన దుమ్ము, నూలు పోగులు. సూదిమొనంత ఎరుపో నీలమో కనబడితే అది ఎక్కువసేపు షట్టర్ తెరిచినప్పుడు వచ్చే హాట్ పిక్సెల్. లైట్‌రూమ్ హీలింగ్ టూల్‌లో విజువలైజ్ స్పాట్స్ పెడితే మొదటి రకం వెంటనే దొరుకుతుంది. మిగతావి ఫొటోషాప్‌లోనే. అన్నిటికన్నా పైన ఒక కర్వ్స్ లేయరు పెట్టి గీతని బాగా నిటారుగా లాగండి. గోడ అసహ్యంగా కనబడుతుంది, దాక్కున్న చుక్కలన్నీ బయటికొస్తాయి. 100 శాతం జూమ్‌లో పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, పేజ్ డౌన్ నొక్కుతూ ఒక్కో తెర చొప్పున దిగండి. పని అయ్యాక ఆ కర్వ్స్ లేయరు తీసేయడం మరిచిపోకండి.

హీలింగ్ పనంతా ఖాళీ లేయరు మీద, శాంపుల్ దగ్గర కరెంట్ అండ్ బిలో పెట్టి చేయండి. గోడ మధ్యలో స్పాట్ హీలింగ్ బ్రష్ చాలు. చెంబు అంచు దగ్గరికి వచ్చాక అది పనికిరాదు. పక్కనున్న ఇత్తడి రంగుని గోడలోకి లాగేసి మసక పులుముతుంది. అక్కడ క్లోన్ స్టాంప్ తీసుకుని, బ్రష్ గట్టిదనం 60 శాతం దగ్గర పెట్టి, అంచు వెంబడే నడిపించండి.

ఎంతవరకు శుభ్రం చేయవచ్చని అడిగారు. కెమెరా, గది, మన అజాగ్రత్త తెచ్చిపెట్టినవి తీసేయండి. వస్తువుకి పుట్టుకతోనో వాడకంతోనో వచ్చినవి ఉంచండి. చెంబు మెడ దగ్గర చింతపండు పెట్టి తోమిన గీతలు, చిన్న సొట్ట, అడుగున నల్లబడిన వలయం ఉంటే ముట్టుకోకండి. అవి పోతే షాపులో కొత్తగా కొన్న సామాను ప్రకటన అవుతుంది. దుమ్ము, వేలిముద్ర, ధర స్టిక్కరు జిగురు మాత్రం పోవాలి.

చెంబు బొజ్జని 200 శాతంలో చూడండి. గదంతా అందులో ఉంటుంది: కిటికీ, దాని ఊచలు, ట్రైపాడ్ కాళ్లు, వెనక నిలబడ్డ మీరు. ఊచలతో సహా కిటికీని ఉంచాలి. అది తీసేస్తే ఇత్తడి ఇత్తడిలా ఉండదు, పసుపురంగు ప్లాస్టిక్ అయిపోతుంది. ట్రైపాడ్, మనిషి నీడ పోవాలి. లాసోతో ఆ ఆకారం చుట్టూ గీసి, ఫెదర్ 4 పిక్సెళ్లు ఇచ్చి, పక్కనున్న శుభ్రమైన ఇత్తడి నుంచి చిన్న చిన్న ముక్కలుగా క్లోన్ చేయండి. చెంబు వంపుని అనుసరించే నడపాలి, తిన్నగా లాగితే బొజ్జ చదునైపోతుంది. ఆ తర్వాత అక్కడే కొద్దిగా గాసియన్ బ్లర్, దాని మీద నాయిస్ 1 శాతం వేయండి. ఆ నాయిస్ లేకపోతే సరిచేసిన చోటు నున్నగా, మిగతాది గరుకుగా ఉండి పెద్ద ప్రింటులో అతుకు కనబడుతుంది.

తెల్ల మరక గురించి. రా ఫైలులో హైలైట్స్ పూర్తిగా వెనక్కి లాగి చూడండి. లోపల రంగు కనబడితే అది బతికే ఉన్నట్టు, మాస్క్‌తో అక్కడికి మాత్రమే తగ్గించండి. మూడు చానెళ్లూ 255 దగ్గరే ఉంటే అక్కడ సమాచారమేమీ లేదు. తెలుపుని లాగి బూడిద చేస్తే చెంబుకి విభూతి పూసినట్టుంటుంది, అది తెలుపు కన్నా ఘోరం. అదే ఫ్రేముని రెండు స్టాపులు తక్కువలో (అంటే నాలుగో వంతు వెలుగుతో) తీసి ఉంచుకున్నారా? ఉంటే ఆ ముక్క తెచ్చి మాస్క్ చేయండి. లేకపోతే మరక మధ్య భాగాన్ని అలాగే వదిలి, కలర్ మోడ్‌లో కొత్త లేయరు పెట్టి, పక్క మెరుపులోని ఇత్తడి రంగు తీసుకుని, 15 శాతం ఒపాసిటీతో అంచు చుట్టూ మెల్లగా పూయండి. తెలుపు హఠాత్తుగా తెగిపోకుండా ఇత్తడిలోకి కరిగితే కన్ను దాన్ని మెరుపుగానే తీసుకుంటుంది. మరక బొటనవేలి గోరంత అయితే ఇది పనిచేస్తుంది. చెంబు బొజ్జలో మూడో వంతు తెల్లబడితే మళ్లీ తీయడమే మేలు. ఈసారి కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి, ఒక స్టాపు తక్కువలో తీయండి. మామిడిపళ్ల కాలం అయిపోతే సీతాఫలాలు ఉన్నాయి, వాటి తోలు ఇత్తడి పక్కన ఇంకా బావుంటుంది.

పళ్లు నారింజ ముద్దల్లా రావడానికి కారణం సాచురేషన్. బంగినపల్లి తొక్క ఫైలులో ఎర్ర చానెల్ చాలా ఎక్కువ, నీలం చాలా తక్కువ. సాచురేషన్, వైబ్రెన్స్ రెండూ పెంచితే ఎరుపు 255కి తగిలి, నీలం 0కి పడిపోతుంది. ఆ తర్వాత తొక్క మీది సన్నని తేడాలు చూపించడానికి ఆకుపచ్చ చానెల్ ఒక్కటే మిగులుతుంది. ల్యాబు కోసం తక్కువ రంగులు పట్టే ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చగానే అది ఇంకా నొక్కుకుపోతుంది. హిస్టోగ్రామ్‌ని మొత్తంగా కాకుండా చానెళ్లుగా విడదీసి చూడండి. హెచ్‌ఎస్‌ఎల్‌లో నారింజ, పసుపు సాచురేషన్ 10 నుంచి 20 తగ్గించి, పసుపు ల్యూమినెన్స్ కాస్త దించండి. తెర మీద కొంచెం చప్పబడినట్టు ఉంటుంది గానీ కాగితం మీద పండు గుండ్రంగా నిలబడుతుంది. పిగ్మెంట్ ప్రింటర్లు పసుపుని ఎస్‌ఆర్‌జీబీ కన్నా ఎక్కువే పట్టగలవు, అందుకని అలాంటి చోట అడోబ్ ఆర్‌జీబీ ఫైలు తీసుకుంటారేమో అడగండి.

తొక్క మీద గసగసాలంత లేత చుక్కలుంటాయి చూడండి, అవి పండు ఊపిరి పీల్చే రంధ్రాలు. వాటిని మచ్చలనుకుని చెరిపితే పండు మైనపు బొమ్మ అవుతుంది. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ (రంగునీ గరుకునీ విడదీసి సరిచేసే పద్ధతి) లాంటివి పోర్ట్రెయిట్ల వాళ్లకి వదిలేయండి, పండు తొక్కకి అవి హానే చేస్తాయి. తొడిమ దగ్గర సొన కారిన చార ఉండనివ్వండి, చెట్టు నుంచి కోసిన పండని చెప్పేది అదే. చూసేవాళ్ల వైపు తిరిగిన పెద్ద నల్ల మచ్చ మాత్రం కంటిని అక్కడే కట్టేస్తుంది. దాన్నైనా మొత్తం లేపేయకుండా, విడి లేయరులో హీల్ చేసి ఆ లేయరు ఒపాసిటీని 60, 70 దగ్గరికి దించండి. మచ్చ ఉంటుంది, అరుపు తగ్గుతుంది.

పంచె నేతలో ఆకుపచ్చ, గులాబీ రంగుల అలలు కనబడితే అది మోరే. ముందు 100 శాతంలో చూడండి, 33, 66 శాతం జూముల్లో లేని అలలు కూడా కనబడతాయి. నిజంగా ఉంటే లైట్‌రూమ్ మాస్క్‌లో మోరే స్లైడరు చాలు. మడత గీతల కోసం గంటలు తగలేయకండి, వచ్చేసారి ఇస్త్రీ పెట్టె వాడండి.

శుభ్రం చేయడం అయ్యాక వెలుగు చెక్కడం. కొత్త లేయరుని 50 శాతం గ్రేతో నింపి, సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టి, పెద్ద మెత్తని బ్రష్, ఫ్లో 3 లేదా 4 శాతంతో తెలుపూ నలుపూ పూయండి. ముందున్న పండు భుజం కొంచెం పైకి, పంచె వెనక అంచు, కుడి మూల కిందికి. ఫ్రేము అంచుల్లో ఎక్కడైనా తెల్లటి ముక్క మిగిలితే చూపు అక్కణ్ణుంచి బయటికి జారిపోతుంది, దాన్ని తప్పక దించండి. మధ్యలో బొమ్మని అద్దంలో లాగా కుడి ఎడమలు మార్చి చూస్తే అలవాటు పడిన కంటికి కనబడని తప్పులు తెలుస్తాయి. ఆ రోజుకి ఆపి, మర్నాడు పొద్దున్న ఈ లేయరు ఒపాసిటీని ఒక మెట్టు తగ్గించండి. రాత్రి చేసిన డాడ్జింగ్ (ఇలా వెలుగు పెంచడం) దాదాపు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది.

లేయర్లున్న ఫైలుని అలాగే దాచి, కాపీ తీసి, లేయర్లు కలిపేయండి. ప్రింటు వేసేవాళ్ల దగ్గర ఆ కాగితానికి ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటరు, కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) అడిగి, ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో పెట్టి చూడండి. రెలెటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో మొదలుపెట్టి, పండు రంగు ఇంకా ముద్ద కడుతుంటే పర్సెప్చువల్‌కి మార్చండి. తర్వాత 18×27కి సైజు మార్చి, ఆ సైజులోనే చివరి షార్ప్‌నింగ్ చేయండి. బరైటాకి అన్‌షార్ప్ మాస్క్ అమౌంట్ 100, రేడియస్ 1.2, త్రెషోల్డ్ 2 మంచి ఆరంభం. మ్యాట్ మీద ఇంకు పాకుతుంది కాబట్టి అమౌంట్ ఇంకాస్త పెంచుకోవచ్చు. గోడని మాస్క్‌తో మినహాయించండి, లేకపోతే దాని నాయిస్ కూడా పదునెక్కుతుంది. తెర మీద 100 శాతంలో కొంచెం గరుకుగా అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టే.

పూర్తి ప్రింటు కన్నా ముందు టెస్ట్. ఫైలుని కుదించి వేసే చిన్న ప్రింటు పనికిరాదు. పూర్తి సైజు ఫైలు నుంచి చెంబు మెరుపు, పండు, గోడ చీకటి మూడూ వచ్చేలా 8×10 ముక్క కోసి, అదే కాగితం మీద అదే మెషీన్‌లో వేయించండి. ల్యాబులో నోటితో చెప్పడంతో సరిపెట్టకుండా ఆర్డరు మీద రాయించండి: ఆటో కరెక్షన్ వద్దు, డెన్సిటీ, కలర్ మార్చొద్దు, కాగితానికి సరిపెట్టి కోయొద్దు. ల్యాబు మెషీన్‌కైతే ఎస్‌ఆర్‌జీబీ, 8 బిట్, జేపెగ్ క్వాలిటీ 12. ముక్క వచ్చాక పగలు ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చూడండి, తర్వాత క్లినిక్‌కే పట్టుకెళ్లి, అది వేలాడే గోడ మీద పెట్టి చూడండి. అక్కడి లైట్లు మసకగా ఉంటే మూడో వంతు స్టాపు పెంచాల్సి రావచ్చు.

ప్రింటు వచ్చిన రోజే ఫ్రేము కట్టించకండి. ఇంక్‌జెట్ ప్రింటుని కనీసం ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు, మీద శుభ్రమైన మామూలు కాగితం పరిచి ఆరనివ్వాలి. లేకపోతే అందులోంచి వచ్చే ఆవిరి అద్దం లోపల పొగమంచులా పడుతుంది. ఫ్రేముల షాపులో హార్డ్‌బోర్డుకి బంక పూసి అతికించేయడం మామూలు, దానికి ఒప్పుకోకండి. యాసిడ్ లేని మౌంట్ బోర్డు, ప్రింటుని పై అంచున మాత్రమే పట్టే కాగితపు టేపు, అద్దానికీ ప్రింటుకీ మధ్య ఖాళీ ఉంచే కిటికీ మౌంటు అడగండి. అద్దం తగిలితే గోదావరి జిల్లాల తేమకి ప్రింటు దానికి అతుక్కుపోతుంది, తీస్తే పొర లేచి వస్తుంది. ఫ్రేము కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు పెడితే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. సెల్లోటేపు ఎక్కడా వద్దు.

సంతకం తెల్ల అంచులో, బొమ్మ కింద కుడివైపు. మ్యాట్ కాగితమైతే పెన్సిల్, బరైటా మీద పెన్సిల్ పట్టదు కాబట్టి పిగ్మెంట్ ఇంకు పెన్ను. బాల్‌పెన్ను వద్దు, వెనక్కి గాటు పడుతుంది. మౌంటు కిటికీని సంతకం కూడా కనబడేలా కోయమని చెప్పండి. వెనక మూలలో బొమ్మ పేరు, తీసిన సంవత్సరం, ప్రింటు తేదీ, కాగితం పేరు రాయండి. పరిమిత సంఖ్య అని అమ్మదలిస్తే ఏ సైజులో ఎన్నో మొదటి ప్రింటు అమ్మకముందే రాసిపెట్టుకోండి. 15 అన్నాక పదహారోది వేయకూడదు. ధరలో టెస్ట్ ముక్కలు, పాడైన ప్రింటు ఖర్చు కలుపుకోవడం మొదటిసారి అమ్మేవాళ్లు మరిచిపోతారు. రసీదు మీద ప్రింటు మాత్రమే అమ్ముతున్నాను, కాపీరైటు నాదే అని ఒక వాక్యం ఉండాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు బదిలీకి రాతపూర్వక ఒప్పందం కావాలి కాబట్టి ప్రింటు కొన్నంత మాత్రాన హక్కు పోదు. అయినా ఆ వాక్యం ఉంటే రేపు అదే బొమ్మ క్లినిక్ క్యాలెండరు మీదికి ఎక్కినప్పుడు మాట్లాడటం తేలిక.

మీ సంతృప్తి ప్రకారం వచ్చిన టెస్ట్ ముక్కని పారేయకండి. దాని వెనక ఫైలు పేరు, కాగితం, ప్రొఫైల్, షార్ప్‌నింగ్ అంకెలు రాసి, వెలుగు తగలని కవరులో పెట్టండి. ఏడాది తర్వాత ఇంకొకరు అదే బొమ్మ అడిగితే రెండో ప్రింటుని దాని పక్కన పెట్టి సరిపోల్చుకోవచ్చు.